మీకు తెలుసా? బాపు నైట్ డ్యూటీ మైనస్ 16 గంటలు!

గోదావరిఖనిలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు లెక్కల కోసం పుస్తకాలు వెతకనక్కర్లేదు. బొగ్గు గనిలో పనిచేసే బాపు మస్టర్లు (హాజర్లు), షిఫ్టులు, ఓటీలు, సెలవులు... లెక్కంతా ఇంట్లోనే ఉంది. యైటింక్లయిన్ కాలనీలో డిప్లొమా చదివే అమ్మాయైనా, సెంటినరీ కాలనీ జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది అబ్బాయైనా ఆ మస్టర్ల లెక్కను ఇరవై వరుసల పైథాన్ ప్రోగ్రాంగా రాసి చూస్తే చాలు. కొత్తవాళ్లు చేసే తప్పులన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. "నడుస్తలేదన్నా" అంటూ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సాయం చేయబోయే అన్నలు, అక్కల కోసం ఈసారి ముక్కలు.

రాత్రి దిగి పొద్దున ఎక్కితే...

మొదటి షిఫ్ట్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 వరకు, రెండోది 3 నుంచి రాత్రి 11 వరకు, నైట్ షిఫ్ట్ 11 నుంచి మర్నాడు ఉదయం 7 వరకు అనుకుందాం. గనిలోకి దిగిన గంట, పైకి ఎక్కిన గంట చూసి ఎన్ని గంటల డ్యూటీయో తేల్చడానికి కొత్తవాళ్లు రాసే వరుస ఇదీ:

డ్యూటీ = ఎక్కింది - దిగింది

మొదటి షిఫ్ట్‌కు 15 - 7 అంటే 8 గంటలు. రెండో షిఫ్ట్‌కు 23 - 15, అదీ 8 గంటలే. రెండూ సరిపోయాయి కదా అని సంబరపడేలోగా నైట్ షిఫ్ట్ వస్తుంది. 7 - 23 అంటే మైనస్ 16! రాత్రంతా పనిచేసిన మనిషే కంపెనీకి పదహారు గంటలు బాకీ పడతాడు.

ఆ తేడాను 24తో భాగించి శేషం తీసుకోమంటే పైథాన్ సరిగ్గా 8 ఇస్తుంది. ఇదే వరుసను సీ, జావా, జావాస్క్రిప్ట్ భాషల్లో రాస్తే మాత్రం మళ్లీ మైనస్ 16 వస్తుంది. శేషానికి పైథాన్ భాజకం గుర్తు పెడితే, ఆ భాషలు భాజ్యం గుర్తు పెడతాయి. అక్కడ ముందు 24 కలిపి, ఆ తర్వాత శేషం తీసుకోవాలి. గంటతో పాటు తేదీ కూడా రాసుకుంటే ఏ భాషలోనైనా ఈ తిప్పలే ఉండదు. ప్రోగ్రాంను పరీక్షించేటప్పుడు తేలిక షిఫ్టులతో కాకుండా నైట్ షిఫ్ట్‌తోనే మొదలుపెట్టించండి.

ఎర్రర్‌ను కింది నుంచి చదవాలి

తెర మీద ఎర్ర అక్షరాలు పది వరుసలు కనబడగానే కొత్తవాళ్లు కిటికీ మూసేస్తారు. మూసేయక్కర్లేదు, చివరి వరుస చదివితే చాలు. ఏ రకం తప్పు, ఎందుకు వచ్చింది అనేది పైథాన్ అక్కడే చెబుతుంది. ఎక్కడ జరిగిందో దాని పై వరుసల్లో ఉంటుంది.

2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఈ సందేశాలు బాగా మెరుగయ్యాయి. పేరు తప్పుగా కొడితే దగ్గరి పేరు చూపి "ఇదా మీ ఉద్దేశం?" అని అడుగుతుంది. 2022 నాటి 3.11 అయితే తప్పిన వరుసలో ఏ ముక్క దగ్గర తేడా వచ్చిందో కింద గుర్తులు గీసి మరీ చూపిస్తుంది. పాత వెర్షన్లలో ఒక చిక్కుంది. బ్రాకెట్ మూయడం మరిచిపోయింది 7వ వరుసలోనైతే ఎర్రర్ 8వ వరుస మీద పడేది. అందుకే చూపిన వరుసలో తప్పేమీ కనబడకపోతే దాని పై వరుస చూడమనండి.

ఎనిమిది, ఎనిమిది కలిస్తే 88

సోమవారం 8 గంటలు, మంగళవారం 8 గంటలు. మొత్తం 16 రావాలి. తెర మీద 88 వచ్చింది! పైథాన్ 3లో ఇన్‌పుట్‌గా కీబోర్డు మీద ఏది కొట్టినా అక్షరాల కిందే లెక్క. అక్షరాల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది, అంతే. వచ్చినదాన్ని ముందు పూర్ణాంకంగా మార్చమని చెబితే 16 వస్తుంది.

పాత పైథాన్ 2లో ఇదే ఇన్‌పుట్ ఆదేశం కొట్టినదాన్ని లెక్కగట్టి అంకెగానే ఇచ్చేది. దానికి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. అయినా ఆ కాలపు పుస్తకాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. పుస్తకంలో ఉన్నట్టే కొట్టినా నడవడం లేదంటే, ముందు ఆ పుస్తకం ఏ ఏటిదో చూడండి.

190 లోపలా, బయటా?

1952 నాటి గనుల చట్టం ప్రకారం జీతంతో కూడిన వార్షిక సెలవు రావాలంటే ఏడాదిలో భూగర్భంలో పనిచేసేవారికి కనీసం 190, మిగతావారికి కనీసం 240 హాజర్లు పడాలన్న నియమం ఉండేది. పిల్లలు దీన్ని "మస్టర్లు 190 కంటే ఎక్కువైతే" అని రాసేస్తారు. 200 ఇచ్చి చూస్తారు, వస్తుంది. 150 ఇచ్చి చూస్తారు, రాదు. ప్రోగ్రాం బాగుందనుకుంటారు. సరిగ్గా 190 పడ్డవాడికి మాత్రం సెలవు పోతుంది.

"కనీసం" అని ఉన్నచోట "ఎక్కువ లేదా సమానం" గుర్తు పడాలి. ఇలాంటి తప్పు దొరికేది గీత దగ్గరే. 189, 190, 191 అనే మూడు అంకెలు ఇచ్చి చూస్తే నిజం బయటపడుతుంది. భూగర్భానికి, ఉపరితలానికి లెక్క వేరు కాబట్టి 239, 240, 241 కూడా ఇవ్వాలి.

బొగ్గంతా జీ-17 అయిపోయిన కథ

మన దేశంలో 2012 జనవరి 1 నుంచి బొగ్గు గ్రేడును దాని ఉష్ణ విలువను బట్టి నిర్ణయిస్తున్నారు. కిలోకు 7000 కిలోకేలరీలు దాటితే జీ-1. అక్కడి నుంచి 300 చొప్పున మెట్లు దిగుతూ 2201-2500 మధ్య జీ-17 దాకా వస్తాం. 4450 ఉన్న బొగ్గు 4301-4600 మెట్టులో పడుతుంది కాబట్టి అది జీ-10.

దీన్ని ప్రోగ్రాంగా రాస్తూ ఒకరు కింది మెట్టు నుంచి మొదలుపెట్టారనుకోండి: 2200 దాటితే జీ-17, లేదంటే 2500 దాటితే జీ-16... ఏ బొగ్గు ఇచ్చినా జీ-17 అనే వస్తుంది. ఎందుకంటే 4450 కూడా 2200 దాటినదే! మొదటి షరతు నెగ్గగానే పైథాన్ మిగతావాటి వైపు చూడదు. పై మెట్టు నుంచి కిందికి రాస్తే చిక్కు వీడుతుంది. ఇక్కడ ఎర్ర అక్షరం ఒక్కటి కూడా రాదని గమనించండి. ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పు. కొత్తవాళ్లను ఎక్కువ ఏడిపించేవి ఇలాంటి మౌన తప్పులే.

కప్పు తట్టి చూసినట్టు

భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్ పనిస్థలాలు తిరిగి చూసేటప్పుడు పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి రాయి ఒకలా పలుకుతుంది, పొర విడిన చోట డొల్లగా పలుకుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ప్రోగ్రాంలో ఆ తట్టే పని ప్రింట్ ఆదేశానిది. లెక్క మధ్యలో మస్టర్ల విలువ ఎంతుందో, గ్రేడు ఎప్పుడు మారిందో అక్కడక్కడా ప్రింట్ చేయిస్తే డొల్ల ఎక్కడుందో తెలిసిపోతుంది.

దీన్ని చిన్నపిల్లల పద్ధతి అనుకోకండి. యూనిక్స్ తీర్చిదిద్దినవారిలో ఒకరైన బ్రయాన్ కెర్నిగన్ 1979లో, జాగ్రత్తగా ఆలోచించడం, సరైన చోట్ల ప్రింట్ పెట్టడం – ఈ రెంటినీ మించిన సాధనం లేదన్న అర్థంలో రాశాడు. ఇంకాస్త ముందుకు వెళ్లాలనుకునేవారికి 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి బ్రేక్‌పాయింట్ అనే ఆదేశం ఉంది. అది పెట్టిన చోట ప్రోగ్రాం ఆగి నిలబడుతుంది. అక్కడ ఏ విలువనైనా అడిగి తెలుసుకోవచ్చు.

వెయ్యి వరుసల్లో తప్పు, పది ప్రశ్నల్లో పట్టు

ప్రోగ్రాం పెద్దదైతే పై నుంచి ఒక్కో వరుసా చదువుతూ రానక్కర్లేదు. సరిగ్గా సగంలో ఒక ప్రింట్ పెట్టండి. అక్కడిదాకా విలువ సరిగ్గా ఉంటే తప్పు కింది సగంలో ఉంది, లేకపోతే పై సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. వెయ్యి వరుసలున్నా పది విడతల్లో తప్పు దగ్గరికి చేరతారు. పదిసార్లు రెట్టిస్తే 1024 అవుతుంది మరి!

టన్నుల్లో క్యూబిక్ మీటర్లు కలిపితే పైథాన్ ఊరుకుంటుంది

ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గును టన్నుల్లో లెక్కిస్తారు. దాని మీద నుంచి తీసే మట్టిని, అంటే ఓబీని, క్యూబిక్ మీటర్లలో లెక్కిస్తారు. రెండు నిలువు వరుసల అంకెలూ కూడితే ఒక మొత్తం వస్తుంది. దానికి అర్థమే లేదు. పైథాన్ మాత్రం కిక్కురుమనదు, దానికి అవి అంకెలే.

ఇలాంటి పొరపాటే 1999 సెప్టెంబర్ 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టింది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ రాకెట్ తోపును పౌండ్ల లెక్కలో ఇస్తే, ఇంకో బృందం సాఫ్ట్‌వేర్ దాన్ని న్యూటన్ల లెక్కగా తీసుకుంది. అంగారకుడికి మరీ దగ్గరగా పోయిన నౌక మళ్లీ పలకలేదు. అందుకే అంకె పెట్టే పేరులోనే కొలత కూడా రాయించండి: బొగ్గు_టన్నులు, ఓబీ_క్యూమీ. ఈ రెంటినీ కలపబోయినప్పుడు చెయ్యి దానంతటదే ఆగుతుంది.

అదే గని, అయినా వేరే గని

ఫైలులో "జీడీకే-11" అని ఉంది. ప్రోగ్రాంలోనూ "జీడీకే-11" అనే ఉంది. రెండూ ఒకటేనా అంటే పైథాన్ కాదంటుంది. ఫైలులో పేరు చివర ఒక ఖాళీ జాగా ఉండిపోయింది. ఫైలు నుంచి వరుస వరుసగా చదివితే ప్రతి వరుస చివరా "కొత్త వరుస" గుర్తు కూడా అంటుకుని వస్తుంది. స్ట్రిప్ అనే ఆదేశం రెండు చివర్లా ఉన్న ఇలాంటి ఖాళీలను దులిపేస్తుంది. దులిపే ముందు రెపర్ అనే ఆదేశంతో ప్రింట్ చేసి చూపించండి. కోట్స్ మధ్య దాక్కున్న ఖాళీ పిల్లల కంటపడుతుంది. ఒకసారి కంటితో చూసిన తప్పును మళ్లీ మళ్లీ చెప్పాల్సిన పనుండదు.

ఐఫోన్లను పడగొట్టిన తెలుగక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్లలో ఆ యాప్ కూలిపోయేది. అది మనం రోజూ రాసే "జ్ఞా" కాదు. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, చొరబడిన రూపం. ఆ వరుసను తెర మీద గీయడం ఆపిల్ సాఫ్ట్‌వేర్ చేతకాక తడబడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిదిద్దింది. పొల్లు మీద తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగు కీబోర్డుల్లో ఈ గుర్తును వాడుతుంటాం. అది పైథాన్‌లో విలువకు పెట్టిన పేరు మధ్యలో పడితే, కనబడని అక్షరం ఉందంటూ సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.

తెలుగు పేర్లు సరే, తెలుగు అంకెలు?

2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి విలువలకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. మస్టర్లు = 190 అని రాస్తే నడుస్తుంది. మస్టర్లు = ౧౯౦ అని రాస్తే మాత్రం నడవదు. తమాషా ఏమంటే, అవే తెలుగు అంకెలను ఇన్‌పుట్‌గా కొట్టి పూర్ణాంకంగా మార్చమంటే పైథాన్ చక్కగా 190 అని చదువుతుంది! కొట్టిన అక్షరాలను అంకెగా మార్చేటప్పుడు ఏ లిపి అంకెలైనా దానికి సమ్మతమే. ప్రోగ్రాం వరుసల్లో మాత్రం 0 నుంచి 9 వరకు మామూలు అంకెలే పడాలి.

గోదావరిఖనిలో ఎన్ని అక్షరాలు?

చదువుకుంటే ఆరు: గో, దా, వ, రి, ఖ, ని. పైథాన్‌ను పొడవు అడిగితే పది అంటుంది. యూనికోడ్‌లో ఓత్వం, దీర్ఘం, గుడి ఒక్కోటీ విడి గుర్తే కాబట్టి వాటినీ లెక్కపెడుతుంది. సింగరేణికి మన లెక్కలో నాలుగు అక్షరాలు, పైథాన్ లెక్కలో ఎనిమిది. పేరును వెనక నుంచి ముందుకు తిప్పమంటే గుణింతం గుర్తులు వాటి హల్లులను వదిలి పక్కవాటికి అంటుకుంటాయి. ఇంగ్లిష్ పేర్లతో నేర్పిన పాఠాన్ని తెలుగు పేర్లతో చేసి చూసి "నాదే తప్పు" అనుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

అయిదున్నర గంటలు ఎటుపోయాయి?

సొంత కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్లోనే గూగుల్ కొలాబ్‌లో పైథాన్ రాసుకుంటారు. అక్కడ "ఇప్పుడు టైమెంత?" అని అడిగే ప్రోగ్రాంను ఉదయం 7కు నడిపితే 1:30 అని వస్తుంది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. అది నడుస్తున్న సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందు. రాత్రి 2 గంటలకు నడిపితే తేదీ కూడా ఒకరోజు వెనకదే పడుతుంది. నైట్ షిఫ్ట్ లెక్కలో ఇది ఇంకో తలనొప్పి. ఆసియా/కోల్‌కతా టైమ్‌జోన్ అడిగి తీసుకోవాలి.

పది పైసలు, ఇరవై పైసలు

పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ భిన్నాలను 0, 1 అనే రెండే అంకెల లెక్కలో దాస్తుంది. అందులో పదో వంతు ఎంతకీ తెగదు, ఎక్కడో కత్తిరించక తప్పదు. 2.5ను దగ్గరి అంకెకు సవరించమంటే పైథాన్ 3 బళ్లో నేర్పినట్టు 3 ఇవ్వదు, 2 ఇస్తుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు మొగ్గడం దాని నియమం. 3.5కు 4 ఇస్తుంది.

పదో వంతులో ఇలా కత్తిరించిన చిన్న ముక్కే ఒకసారి ప్రాణాలు తీసింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ ఎదురుగా వస్తున్న స్కడ్‌ను పట్టలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. సెకనులో పదో వంతును కత్తిరించి లెక్కపెడుతూ వంద గంటలు ఆగకుండా నడిచేసరికి గడియారం సుమారు 0.34 సెకను తప్పింది. జీతం లెక్క రాసే పిల్లలకు మాత్రం చిట్కా తేలిక: రూపాయల్లో కాదు, మొత్తం పైసల్లో లెక్కించి చివర్లో వందతో భాగించాలి.

పురుగు కంటే దాని పక్కన రాసిందే ముఖ్యం

ప్రోగ్రాంలో తప్పును బగ్, అంటే పురుగు, అంటారు కదా. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్‌లో మార్క్-2 కంప్యూటర్ రిలేలో నిజంగానే ఒక రెక్కల పురుగు చిక్కింది. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అతికించారని చాలామంది వినే ఉంటారు. ఆ పేజీ ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పురుగు పక్కన ఉన్న రాతను గమనించేవాళ్లు తక్కువ: సమయం 15:45, ప్యానెల్ ఎఫ్, రిలే నంబర్ 70. ఎప్పుడు, ఎక్కడ, ఏం దొరికింది... మూడూ ఉన్నాయి. పిల్లల నోటు పుస్తకం వెనక పేజీలో కూడా ఈ మూడూ రాయించండి. నెల తిరిగేసరికి అదే తప్పు మళ్లీ వస్తే వెతుకులాట ఉండదు.

సాయమంటే కీబోర్డు లాక్కోవడం కాదు

"ఇటియ్యి, నేను చేస్తా" అని నాలుగు వరుసలు కొట్టి ఇచ్చేస్తే ప్రోగ్రాం నడుస్తుంది, పిల్లవాడు మాత్రం అక్కడే ఆగిపోతాడు. కీబోర్డు వాళ్ల చేతుల్లోనే ఉంచి మూడు ప్రశ్నలడగండి. ఏమొస్తదనుకున్నవ్? ఏమొచ్చింది? మొన్నటిదాంక నడిస్తే, ఆ తర్వాత ఏం మార్చినవ్? చాలాసార్లు మూడో ప్రశ్న పూర్తి కాకముందే "ఆఁ, దొరికిందక్కా" అనేస్తారు. వరుస వరుసగా బయటికి చెప్పుకుంటుంటే తప్పు తానే కనబడుతుంది. 1999లో వచ్చిన "ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్" పుస్తకంలో, వినడానికి మనిషి లేకపోతే బల్ల మీద రబ్బరు బాతును పెట్టుకుని దానికి చెప్పుకునే పద్ధతి ఉంది. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని వాడుతోంది.

తప్పులు కొత్తవాళ్లకే వస్తాయనుకుంటే పొరపాటు. 1949లో ఎడ్‌సాక్ కంప్యూటర్‌ను నడిపించిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త మారిస్ విల్క్స్‌కే, మిగిలిన జీవితంలో మంచి భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెతకడానికే పోతుందని ఆ రోజుల్లోనే అర్థమైంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా "నడుస్తలేదు" అంటే తిట్టకండి, నవ్వకండి. ఒకేసారి ఒక్క మార్పే చేయించండి, మార్చిన ప్రతిసారీ నడిపించండి. తప్పు దిద్దాక అంతకుముందు సరిగ్గా వచ్చిన లెక్కలన్నీ మళ్లీ ఒకసారి సరిచూడమనండి. ఒకటి దిద్దబోయి ఇంకోటి చెడగొట్టుకోవడం అనుభవజ్ఞులకూ తప్పదు.